క్యాబినెట్ ఫ్యాన్ల గోల: కొత్తవి కొనాలా, ఉన్నవాటి స్పీడ్ తగ్గించాలా?

బెజవాడ బాబీ:
నా పీసీ క్యాబినెట్‌లో మూడు 120 ఎంఎం ఫ్యాన్లు. ముందు రెండు, వెనక ఒకటి, క్యాబినెట్‌తో పాటు వచ్చినవే. పగలు సీలింగ్ ఫ్యాన్ ఐదులో తిరుగుతుంటుంది కాబట్టి ఏమీ తెలియదు. రాత్రి ఏసీ వేసి సీలింగ్ ఫ్యాన్ ఆపామా, ఇక మొదలు. ఒకటే హోరు. దానికి తోడు బ్రౌజర్‌లో ట్యాబ్ తెరిస్తే చాలు, ‘హూఁ’ అని లేస్తుంది, పది సెకన్లకి తగ్గుతుంది, మళ్ళీ లేస్తుంది. పక్క గదిలోంచి అమ్మ ‘ఆ మిక్సీ ఆపరా’ అంటోంది. చప్పుడు తక్కువని పేరున్న నాక్చువా కంపెనీ ఫ్యాన్లు కొందామంటే ఒక్కోటి రెండు వేల పైమాటే. బయోస్‌లో, అదే మదర్‌బోర్డు సెట్టింగుల్లో, స్పీడ్ తగ్గించుకోమంటాడు మా ఫ్రెండు. మే నెలలో, బెజవాడలో! కాలిపోదా?

సైలెంట్ సుబ్బు:
కొనకు తమ్ముడూ. ఆ లేచి పడే గోల బయోస్‌తోనే పోతుంది. ప్రాసెసర్ వేడి క్షణంలో 45 నుంచి 65 డిగ్రీలకి ఎగిరి, అంతే వేగంగా దిగుతుంది. ఫ్యాన్ దాని వెనకే పరిగెడుతోంది. ఫ్యాన్ సెట్టింగ్స్‌లో ‘స్టెప్ అప్’ టైమ్ (వేడి పెరిగాక ఫ్యాన్ ఎంత నెమ్మదిగా స్పీడ్ అందుకోవాలో చెప్పేది) ఉంటే పెంచు, ఎంత వేడికి ఎంత స్పీడో చూపే గీతని 70 డిగ్రీల దాకా పెద్దగా పెరగకుండా చదును చెయ్యి. ఇంకో సంగతి. స్పీడ్ సగం చేస్తే గాలి సగమే తగ్గుతుంది, చప్పుడు మాత్రం దాదాపు 15 డెసిబెల్స్ పడిపోతుంది. ఇంత లాభం ఏ ఖరీదైన ఫ్యానూ ఇవ్వదు.

కరీంనగర్ రిపేర్:
సుబ్బు గారూ, లెక్క సరే, అరిగిన బేరింగుకి మీ లెక్క ఎక్కదు. క్యాబినెట్‌తో వచ్చే చవక ఫ్యాన్లలో చాలావాటికి స్లీవ్ బేరింగే, అంటే లోపల గుండ్లు లేని మామూలు గొట్టం రకం. అది అరిగాక స్పీడ్ తగ్గిస్తే గాలి హోరు పోయి, దాని కింద దాగిన కరకర పైకి తేలుతుంది. పరీక్ష సులువు: నడుస్తుండగా క్యాబినెట్‌ని మెల్లగా ఒక పక్కకి వంచండి. చప్పుడు మారితే బేరింగ్ మీదే అనుమానం. అలాంటిదాన్ని మార్చాల్సిందే, బయోస్‌లో ఏం తిప్పినా దండగే.

డాలస్ దొర:
లోపల ఫోమ్ షీట్లు అతికిస్తే?

కరీంనగర్ రిపేర్:
గాలి వెళ్ళే కంతలోంచే చప్పుడూ వస్తుంది. దాన్ని మూస్తే పీసీ కుక్కరే.

గుంటూరు గీత:
అసలు ఏ ఫ్యాన్ అరుస్తోందో చూశారా? పీసీ ఆపి ఒక్కో క్యాబినెట్ ఫ్యాన్ ప్లగ్గు పీకి, మళ్ళీ ఆన్ చేసి రెండు నిమిషాలు వినండి. పనిలో పనిగా ముందున్న డస్ట్ ఫిల్టర్ కడగండి. నాది తీస్తే బట్టల మెషీన్‌లో తేలే నూగులా ఒక పొర ఊడొచ్చింది. బ్లోయర్ కొట్టేటప్పుడు రెక్కని వేలితో పట్టుకోండి, ఇష్టమొచ్చినట్టు తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

బెజవాడ బాబీ:
గీత గారూ, దొరికింది! మూడు ప్లగ్గులూ పీకినా ఆ ‘హూఁ’ పోలేదు. అది ప్రాసెసర్ కూలర్ ఫ్యాన్. సుబ్బన్న చెప్పినట్టు చేశాక లేవడం మానేసింది. హోరు మాత్రం ముందు ఫ్యాన్లది. త్రీ పిన్ ఫ్యాన్లు, బోర్డులో మాత్రం నాలుగు పిన్నుల ఫ్యాన్ల కోసం ఉండే పీడబ్ల్యూఎం మోడ్‌లో ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఫుల్ 12 వోల్టుల్లో తిరుగుతున్నాయన్నమాట. వోల్టేజీ మార్చి స్పీడ్ తగ్గించే డీసీ మోడ్‌కి మార్చి సగానికి తగ్గించా. ఒకటి మౌనం, రెండోది ‘టిక్ టిక్’. వంచితే ఆగుతోంది.

కరీంనగర్ రిపేర్:
చెప్పానా!

సైలెంట్ సుబ్బు:
మూడింట్లో ఒకటి. మూడూ కొనమన్న వాళ్ళు ఎక్కడ?

కరీంనగర్ రిపేర్:
మూడూ కొనమని నేననలేదు. కానీ మధ్యాహ్నం కరెంటు పోయొచ్చి, ఏసీ లేని గదిలో గేమ్ ఆడితే సగం స్పీడ్ సరిపోదు. ప్రాసెసర్ వేడెక్కితే తానే వేగం తగ్గించుకుని బతుకుతుంది, సరే. గేమ్ నత్తలా నడిస్తే అప్పుడేమంటారు?

సైలెంట్ సుబ్బు:
గ్రాఫిక్స్ కార్డు వేడిని బట్టి పెరిగేలా ముందు ఫ్యాన్లకి వేరే గీత పెడితే సరి. గేమ్ ఆడేటప్పుడు చెవులకి ఎలాగూ హెడ్‌ఫోన్స్ ఉంటాయి.

బెజవాడ బాబీ:
నాకుంటాయి అన్నా. అమ్మకి ఉండవు.