బ్రిటన్‌లో నిర్బంధ సైనిక సేవ: కుర్రాళ్ళు బాగుపడ్డారా, రెండేళ్ళు పోగొట్టుకున్నారా?

లీసెస్టర్ నాన్న:
2024 మేలో అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ 18 ఏళ్ళ పిల్లలకు జాతీయ సేవ మళ్ళీ పెడతానంటే అందరూ నవ్వారు. జూలైలో ఎన్నికలు ఓడిపోయాడు, ఆ మాటా అక్కడితో పోయింది. నేను మాత్రం నవ్వలేదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక, 1949 నుంచి 1960 దాకా ఈ దేశంలో జాతీయ సేవ పేరుతో 18 నిండిన ప్రతి కుర్రాడినీ పిలిచి సైన్యంలో వేశారు. మొదట 18 నెలలు, కొరియా యుద్ధం మొదలయ్యాక 1950లో రెండేళ్ళు. ఇరవై లక్షల మందికి పైగా వెళ్ళొచ్చారు. మా వీధిలో అలా వెళ్ళొచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. తొంభై దాటినా పొద్దున్నే లేచి పక్క సర్దుకుని, షేవ్ చేసుకుని గానీ బయటికి రాడు. మా వాడు మధ్యాహ్నం రెండింటికి లేస్తాడు. ఆ పద్ధతి ఎందుకు తీసేశారో ఎవరైనా చెప్పండి.

గోదారిగట్టు:
రెండింటికి లేచేవాడికి రెజిమెంటు దేనికండీ, వైఫై తీసేయండి చాలు.

చరిత్ర పిచ్చి:
"ప్రతి కుర్రాడినీ" అన్నది తప్పు. ఉత్తర ఐర్లండ్‌కు ఆ చట్టమే వర్తించలేదు. బొగ్గు గనుల్లో, పొలాల్లో, వాణిజ్య నౌకల్లో పనిచేసేవాళ్ళను వదిలేశారు. అప్రెంటిస్‌లకు, కాలేజీ పిల్లలకు వాయిదా ఇచ్చారు. మిగతావాళ్ళకు రైలు వారంటూ (ఉచిత టికెట్టు), నాలుగు షిల్లింగుల పోస్టల్ ఆర్డరూ పెట్టిన కవరు వచ్చేది. మొదట్లో జీతం వారానికి 28 షిల్లింగులు. తొలి వారాలన్నీ బూట్లతోనే సరిపోయేవి: చెంచా వేడిచేసి తోలు మీది బొడిపెలు నున్నగా కాల్చడం, పాలిష్ మీద ఉమ్మి గంటలకొద్దీ రుద్దడం. అధికారుల తనిఖీ ఉందంటే బొగ్గుకు కూడా తెల్లరంగు వేయించారని చెప్పుకునేవాళ్ళు. ఇక క్రమశిక్షణ అంటారా, పొడుగు కోట్లు తొడుక్కుని తిరిగే టెడ్డీ బాయ్స్ అనే కుర్రాళ్ళ గ్యాంగులు రోడ్డెక్కింది సరిగ్గా ఆ 1950లలోనే.

లీసెస్టర్ నాన్న:
టెడ్డీ బాయ్స్‌లో సగం మంది 18 నిండనివాళ్ళు! ఇంకా పిలుపే రానివాళ్ళు! వాళ్ళను చూపించి పద్ధతి పనిచేయలేదంటే ఎలా? లెక్క చూసుకుని మాట్లాడండి.

చరిత్ర పిచ్చి:
సగం అని మీకు ఎవరు లెక్కపెట్టి చెప్పారు? సైన్యం నుంచి వచ్చాక మళ్ళీ అదే కోటు తొడుక్కున్నవాళ్ళ సంగతేమిటి?

లీసెస్టర్ నాన్న:
తొడుక్కుంటే ఏమిటి, కోటు నేరమా?

మాజీ హవల్దార్:
టెడ్డీ బాయ్స్‌ను కాసేపు వదలండి బాబూ. నేను ఇష్టపడి చేరినవాణ్ణి, కొత్తగా వచ్చినవాళ్ళకు డ్రిల్ నేర్పినవాణ్ణి. ఇష్టం లేనివాడు రోజూ క్యాలెండర్ మీద గీతలు కొట్టుకుంటూ ఉంటాడు. వాడికి పని వచ్చే సరికి ఇంటికెళ్ళే రోజు వస్తుంది, మళ్ళీ కొత్త బ్యాచ్. సీనియర్లలో సగం మంది నేర్పడానికే ఖర్చయిపోతారు. బ్రిటన్‌లోనూ అదే గొడవ. పైగా ఖర్చు. 1957లో రక్షణ మంత్రి డంకన్ శాండిస్ అణ్వస్త్రాల మీద ఆధారపడదాం, పెద్ద సైన్యం అక్కర్లేదు అని శ్వేతపత్రం పెట్టాడు. ఎందుకు తీసేశారన్న మీ ప్రశ్నకు జవాబు అది. ఆఖరివాళ్ళు 1963లో ఇంటికెళ్ళారు.

పల్నాటి కుర్రాడు:
మన అగ్నివీర్ కూడా ఇలాంటిదేగా?

మాజీ హవల్దార్:
కాదు తమ్ముడూ. అందులో ఇష్టమైతేనే చేరతావు. మన దేశంలో నిర్బంధం ఎప్పుడూ లేదు.

తోట మనవడు:
ఆలస్యంగా వచ్చాను. మా తాత మలయా (ఇప్పటి మలేషియాలో భాగం, అప్పట్లో బ్రిటిష్ వాళ్ళ పాలన) వెళ్ళి పేరాక్‌లో బగాన్ దాతో వైపు కొబ్బరి తోటలో స్థిరపడ్డాడు. అక్కడ 1948లో ఎమర్జెన్సీ పెట్టి 1960 దాకా ఎత్తలేదు. మీరు బూట్ల పాలిష్ గురించి చెప్పుకుంటున్న ఏళ్ళు అవే. బ్రిటిష్ వాళ్ళ మీద తిరగబడి అడవిలో చేరిన కమ్యూనిస్టులకు బియ్యం చేరకూడదని కూలీల ఇళ్ళన్నీ ఒకచోటికి చేర్చి చుట్టూ ముళ్ళకంచె వేశారు. పనికి అన్నం మూట పట్టుకెళ్ళకూడదు. గేటు దగ్గర మా నాయనమ్మ కొంగు విప్పించి తడిమేవాళ్ళట. పక్కన తుపాకీతో నిలబడ్డ తెల్ల సిపాయికి ఇంకా మీసమే రాలేదని చెప్పేది. 1948 డిసెంబరులో అక్కడి బతాంగ్ కాలీ అనే చోట బ్రిటిష్ సైన్యంలోని స్కాట్స్ గార్డ్స్ గస్తీ దళం ఆయుధాల్లేని 24 మందిని కాల్చి చంపింది. ఆ దళంలోనూ ఇలా నిర్బంధంగా పిలిచిన కుర్రాళ్ళు ఉన్నారు. సామ్రాజ్యం చేజారకుండా కాపలా కాయడానికి చవగ్గా దొరికిన పిల్లలు వీళ్ళు. మలయా, కెన్యా, సైప్రస్, సూయెజ్. మీ వీధి పెద్దాయన ఎక్కడ చేశాడో అడిగారా?

లీసెస్టర్ నాన్న:
జర్మనీలో. స్టోర్సులో దుప్పట్లు లెక్కపెట్టాడు. చాలామంది చేసింది అలాంటి పనే. మీ నాయనమ్మగారికి జరిగింది అన్యాయమే, కాదనను. దాన్ని తెచ్చి పిల్లల క్రమశిక్షణకు ముడిపెడితే ఎలా?

చరిత్ర పిచ్చి:
జాతీయ సేవ కుర్రాళ్ళలో 395 మంది పోరాటాల్లో చనిపోయారు. అదీ లెక్కలోకి వస్తుందా, దుప్పట్లేనా?

తోట మనవడు:
ముడి ఉంది కాబట్టే పెడుతున్నాను. అప్పట్లో ఓటు 21 ఏళ్ళకి. దాన్ని 18కి తగ్గిస్తూ చట్టం వచ్చింది 1969లో. చావడానికి పనికొచ్చినవాడు ఓటుకు పనికిరాలేదు. మీలాంటి తండ్రులు సరేనన్నారు, వాడు వెళ్ళాడు. కొడుకు పొద్దున్నే లేవడం లేదని దేశం చేత లాఠీ పట్టించాలనుకోవడం కంటే సిగ్గుమాలిన పని ఉందా?

లీసెస్టర్ నాన్న:
నోరు అదుపులో పెట్టుకోండి. మీకేం తెలుసు మా వాడి గురించి? ఇక్కడే పుట్టాడు. నాకంటే వాడి ఇంగ్లీషే బాగుంటుంది. పోయిన చలికాలం బస్సులో ఒకడు మీ దేశం పొమ్మన్నాడు. బస్సు నిండా జనం, ఒక్కడూ నోరు విప్పలేదు. ఆ రోజు నుంచి గది దాటడు. రెండింటికి లేవడం బద్ధకం కాదండీ. తెల్లవాళ్ళ పిల్లల పక్కన అదే వరుసలో నిలబడి, అదే బూటు తుడిచి, అదే సార్జంటు చేత తిట్లు తింటే మళ్ళీ వాణ్ణి ఎవడైనా ఆ మాట అంటాడా? నాకు కావలసింది అది. మీరేమో సామ్రాజ్యం, ఓటు అంటారు.

గోదారిగట్టు:
వైఫై మాట వెనక్కి తీసుకుంటున్నాను అన్నా.

చరిత్ర పిచ్చి:
ఇది మొదటే చెప్పాల్సింది. కానీ మీరు కోరుకునేది అప్పుడూ జరగలేదు. యుద్ధంలో రాయల్ ఎయిర్ ఫోర్స్‌లో పనిచేసిన వెస్టిండీస్ వాళ్ళు చాలామంది 1948 తర్వాత ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. యూనిఫాం వేశారు, అదే వరుసలో నిలబడ్డారు. వాళ్ళకు అద్దె ఇల్లు దొరకడమే కష్టమైంది. 1958లో లండన్‌లోని నాటింగ్ హిల్‌లో నల్లవాళ్ళ ఇళ్ళ మీద పడ్డ గుంపుల్లో టెడ్డీ బాయ్స్ ఉన్నారు. జాతీయ సేవ అప్పటికి ఇంకా నడుస్తూనే ఉంది. ఇక ఒకే వరుస అంటారా, ప్రైవేటు స్కూలు పిల్లాడు ఆఫీసరయ్యేవాడు, ఫ్యాక్టరీ పిల్లాడు సెల్యూట్ కొట్టేవాడు.

లీసెస్టర్ నాన్న:
ఒకే బ్యారక్‌లో పడుకున్నవాళ్ళు జీవితాంతం స్నేహితులైన సంగతులు బోలెడున్నాయి. అవి మీకు కనపడవు.

మాజీ హవల్దార్:
అవి నిజమే సార్. నా బ్యాచ్ వాళ్ళు ఇప్పటికీ ఫోన్ చేస్తారు. కాకపోతే దానికి కొత్త చట్టం ఎందుకు? అక్కడ ఆర్మీ రిజర్వ్ ఉంది, వారాంతాల్లో వెళ్ళి రావచ్చు. చేరతావా అని అబ్బాయిని అడిగారా?

లీసెస్టర్ నాన్న:
అడిగాను. వద్దన్నాడు. అందుకే చట్టం కావాలంటున్నాను.