పరీక్ష చేసిన రోజే జీవితకాలపు మందు: మలావీ పట్టిన దారి సరైనదేనా?

మంజీర:
గర్భిణికి గానీ పాలిచ్చే తల్లికి గానీ హెచ్‌ఐవీ ఉందని తేలితే, సీడీ4 లెక్కతో (రక్తంలో రోగనిరోధక కణాల సంఖ్యతో) పని లేకుండా, వైరస్‌ను అణచి బిడ్డకు సోకకుండా కూడా కాపాడే ఏఆర్‌టీ మందు మొదలుపెట్టి జీవితాంతం వాడించాలని 2011లో ఆఫ్రికా దేశం మలావీ నిర్ణయించింది. చాలాచోట్ల పరీక్ష చేసిన రోజే మాత్రలు చేతికిచ్చారు. నా అభ్యంతరం ఆ తొందర మీదే. పొద్దున కడుపు చూపించుకోవడానికి వచ్చిన మనిషి, బతికున్నన్నాళ్లూ వేసుకోవలసిన మందుతో మధ్యాహ్నం ఇల్లు చేరాలి. భర్తకు ఏమని చెప్పాలో ఆలోచించుకునే వ్యవధి కూడా లేదు. అలా మొదలుపెట్టిన గర్భిణులు తొలిరోజు తర్వాత మళ్లీ రాకపోవడం, రోగనిరోధక శక్తి తగ్గాక మొదలుపెట్టినవారిలో కంటే ఐదు రెట్లు ఎక్కువని అక్కడి అధ్యయనంలోనే తేలింది.

గోదావరి గట్టు:
మంజీర గారూ, ఐదు రెట్ల మాట నిజమే. వ్యవధి ఇస్తే ఏమయ్యేదో కూడా చూడండి. అంతకుముందు సీడీ4 ఫలితం చూశాకే ఎవరికి ఏ మందో తేల్చేవారు. ఆ యంత్రాలు కొద్ది ఆస్పత్రుల్లోనే ఉండేవి. రక్తం ఇచ్చి వెళ్లి, ఫలితం కోసం నెలలు నిండిన కడుపుతో మళ్లీ అంత దూరం నడిచి రమ్మంటే ఎందరు వస్తారు? 2011 రెండో త్రైమాసికంలో మందు మొదలుపెట్టిన గర్భిణులు, బాలింతలు 1,257 మంది. 2012 మూడో త్రైమాసికానికి 10,663 మంది. ఏడాది తర్వాత కూడా 77 శాతం మంది చికిత్సలోనే ఉన్నారు. ఏ చికిత్సా లేకపోతే వందమంది బిడ్డల్లో 15 నుంచి 45 మందికి తల్లి నుంచి సోకే జబ్బు ఇది. ఆ బిడ్డలకు వ్యవధి ఎవరిస్తారు?

పల్లె నర్సు:
మందు చవకైంది, మన హైదరాబాద్ కంపెనీల నుంచి కూడా వెళ్తోంది. అడ్డంకి ఇంట్లో ఉంది. మాత్రల సీసా గలగలమంటే అత్తగారు అడుగుతుంది. ఆరు నెలలు చనుబాలు తప్ప ఏమీ పట్టొద్దని నర్సు చెబుతుంది, పసివాడికి గంజి పట్టమని అత్తగారు పట్టుబడుతుంది. మందు లేని రోజుల్లో, పాలతో పాటు వేరే ఆహారం కలిపి పెట్టిన బిడ్డలకే, తల్లిపాలు మాత్రమే తాగిన బిడ్డల కంటే హెచ్‌ఐవీ సోకే ముప్పు ఎక్కువని దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో గమనించారు. కారణం చెప్పకుండా ఆ కోడలు గంజి ఎలా వద్దంటుంది? 2001లో కేప్‌టౌన్‌లో మొదలైన మదర్స్‌టుమదర్స్ సంస్థ, హెచ్‌ఐవీతో బతుకుతున్న తల్లులనే జీతమిచ్చి సలహాదారులుగా పెట్టింది. నా దృష్టిలో అదీ సరైన పని. ఆ కోడలి భయం వాళ్లకు విడమరిచి చెప్పనక్కర్లేదు.

మంజీర:
నర్సు గారి మాటతో సగం దిగివచ్చాను. అదే రోజు మందివ్వడం తప్పని ఇక అనను. కానీ 'ఇవాళ వద్దు, రేపు వస్తాను' అన్న స్త్రీని గద్దించి పంపకూడదు. 2017లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా అదే రోజు చికిత్సను 'సిద్ధంగా ఉన్నవారికి' అనే చెప్పింది.

గోదావరి గట్టు:
ఒప్పుకుంటాను. ఆమె రేపు రాకపోతే, ఎల్లుండి ఆమె ఇంటికి ఎవరు వెళ్లాలో కూడా ఆ రోజే తేల్చాలి.