మింగడం మెకానిక్స్: ఎక్స్‌రే వీడియో ఒక్కటే సరిపోతుందా?

థీసిస్ కష్టాలు
మింగేటప్పుడు గొంతు ఎలా పనిచేస్తుందన్నది నా టాపిక్. వీడియోఫ్లోరోస్కోపీ (మింగుతుండగా తీసే ఎక్స్‌రే వీడియో) ఒక్కటి చాలని గైడ్ గారు అంటున్నారు. మానోమెట్రీ (ముక్కులోంచి సెన్సర్ల ట్యూబు వేసి గొంతులో ప్రెషర్ కొలవడం) లేకపోతే అది మెకానిక్సే కాదని సీనియర్లు. మీరేమంటారు?

స్పీచ్ థెరపిస్ట్
మీ గైడ్ గారి మాటే నాదీ. ఎక్స్‌రేలో కనబడేలా బేరియం కలిపిన ముద్ద నోట్లోంచి అన్నవాహికలోకి దిగేదాకా మొత్తం కనిపించేది అందులోనే. నాలుక మొదట్లో, మెడ పైభాగాన ఉండే హయాయిడ్ ఎముక పైకి, ముందుకు ఎంత జరిగిందో మెడ వెన్నుపూసల పొడవుతో పోల్చి కొలవొచ్చు. కాకపోతే సెకనుకు 30 ఫ్రేములు ఉండి తీరాలి. గొంతులో తతంగమంతా సుమారు ఒక్క సెకనులో అయిపోతుంది. 15కి తగ్గిస్తే ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య 67 మిల్లీసెకన్లు ఏం జరిగిందో తెలియదు.

ఎండోస్కోపీ పార్టీ
మరి రేడియేషన్? ముక్కులోంచి కెమెరా పంపితే ఆ బెంగే లేదు, ఎంతసేపైనా చూడొచ్చు.

స్పీచ్ థెరపిస్ట్
చూడొచ్చు, సరిగ్గా మింగే క్షణంలో తప్ప! గొంతు ముడుచుకోగానే స్క్రీన్ తెల్లబడిపోతుంది కదండీ. మిగిలిపోయిన తిండి, ఊరిన ఉమ్మి చూడ్డానికి బాగుంటుంది. కదలిక కొలవడానికి కాదు.

ప్రెషర్ పిచ్చోడు
థెరపిస్ట్ గారూ, వీడియోలో ముద్ద ఎక్కడ ఆగిందో తెలుస్తుంది. ఎందుకు ఆగిందో? పైరిఫార్మ్ సైనస్‌లలో (గొంతు అడుగున స్వరపేటికకి రెండు పక్కలా ఉండే గుంటల్లో) బేరియం నిలిచిందనుకోండి. గొంతు కండరాలు గట్టిగా నెట్టకపోయినా నిలుస్తుంది, అన్నవాహిక పైద్వారం బిగుతు వదలకపోయినా నిలుస్తుంది. చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి. బిగుతు వదలనివాళ్లకి ఆ కండరాన్ని సడలిస్తే మేలు. నెట్టే బలమే లేనివాళ్లకి సడలించి ఏం లాభం? ఈ తేడా పట్టిచ్చేది ప్రెషరే.

పాత మానోమెట్రీని నేనూ సమర్థించను. మింగేటప్పుడు ఆ ద్వారం సుమారు 2 సెంటీమీటర్లు పైకి లేస్తుంది. సెన్సర్ ఉన్నచోటే ఉండిపోతుంది. ప్రెషర్ పడిపోయినట్టు గ్రాఫ్ వస్తుంది, నిజానికి కండరమే పక్కకి తప్పుకుంది! సెంటీమీటరుకొక సెన్సర్ ఉండే హై రిజల్యూషన్ ట్యూబులు వచ్చాక ఈ పీడ చాలావరకు వదిలింది.

స్పీచ్ థెరపిస్ట్
ఒప్పుకున్నా. కానీ ద్వారం తెరుచుకోవడానికి బిగుతు వదిలితే చాలదు, హయాయిడ్ ముందుకు లాగాలి. ఆ లాగడం మీ ట్యూబుకి కనిపించదు.

ప్రెషర్ పిచ్చోడు
అందుకే రెండూ ఒకేసారి తియ్యమంటున్నా. వేర్వేరు రోజుల్లో తీసి పక్కపక్కన పెడితే కుదరదు, ఏ రెండు గుటకలూ ఒకలా ఉండవు.

థీసిస్ కష్టాలు
ముక్కులో ట్యూబు ఉంటే మింగే తీరే మారిపోదా?

ప్రెషర్ పిచ్చోడు
కొంత మారొచ్చు. అందుకే ట్యూబు వెయ్యకముందు నాలుగైదు గుటకలు వీడియో తీసి పెట్టుకోండి. గైడ్ గారు ముందు అడిగేది అదే.