మానవ హక్కుల గురించి గంటలో ఏం చెప్పాలి? డిగ్రీ పిల్లల కోసం అడుగుతున్నాను

మూసీగట్టు:

డిసెంబర్ 10న డిగ్రీ మొదటి సంవత్సరం పిల్లలకు గంటసేపు మానవ హక్కుల మీద మాట్లాడాలి. ఎక్కువమంది పాతబస్తీ, బాలాపూర్, ఉప్పల్ వైపు నుంచి వచ్చేవాళ్లు. 1948 నాటి విశ్వ మానవ హక్కుల ప్రకటనలోని 30 అధికరణలూ వరసగా చదివితే పది నిమిషాల్లో ఫోన్లు బయటికొస్తాయి. మానవ హక్కులకీ మన రాజ్యాంగంలోని ప్రాథమిక హక్కులకీ తేడా ఎలా చెప్పాలి? “ఈ హక్కులన్నీ నేరస్తులకే” అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు, వాళ్లకేం చెప్పాలి? నిజంగా హక్కుకు దెబ్బ తగిలినప్పుడు హైదరాబాద్‌లో ఎక్కడికి వెళ్లాలి, ఏం రాయాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

రాజ్యాంగ పాఠం:

చరిత్ర రెండు నిమిషాలు చాలండి. 1948 డిసెంబర్ 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ ఆ ప్రకటనను ఆమోదించింది. 48 దేశాలు అనుకూలం, 8 దేశాలు తటస్థం, వ్యతిరేకంగా ఒక్క ఓటూ పడలేదు. స్త్రీలను మరిచిపోయినట్టుగా ఉన్న మొదటి అధికరణను పట్టుబట్టి సరిచేయించింది భారత ప్రతినిధి హంసా మెహతా. ఆమె మన రాజ్యాంగ సభలోనూ సభ్యురాలే. ఈ సంగతి చెప్పండి, ఇవి ఎక్కడో బయటి నుంచి మన మీద రుద్దిన హక్కులు కావని పిల్లలకు అర్థమవుతుంది.

ఇక తేడా. ఆ ప్రకటన దానికదే కోర్టులో అమలయ్యే చట్టం కాదు. దాని ఆధారంగా 1966లో రెండు అంతర్జాతీయ ఒడంబడికలు వచ్చాయి, మన దేశం 1979లో వాటిలో చేరింది. ఆ తర్వాత 1993 నాటి మానవ హక్కుల పరిరక్షణ చట్టం ఒక నిర్వచనం ఇచ్చింది: ప్రాణం, స్వేచ్ఛ, సమానత్వం, గౌరవం, ఈ నాలుగింటికి సంబంధించి రాజ్యాంగం హామీ ఇచ్చినవీ, ఒడంబడికల్లో ఉండి మన కోర్టులు అమలు చేయగలిగినవీ మానవ హక్కులు. ప్రాథమిక హక్కు అంటే తలుపు కూడా చూపించిన మానవ హక్కు. 32వ అధికరణ కింద సుప్రీంకోర్టుకు, 226 కింద హైకోర్టుకు నేరుగా వెళ్లొచ్చు.

బాలాపూర్ పిల్లలున్నారు కాబట్టి ఇది తప్పక చెప్పండి. మాట్లాడే స్వేచ్ఛ, దేశంలో ఎక్కడైనా నివసించే స్వేచ్ఛ ఇచ్చే 19వ అధికరణ పౌరులకే. 14 (చట్టం ముందు సమానత్వం), 20 (నేర విచారణలో రక్షణ), 21 (ప్రాణం, స్వేచ్ఛ), 22 (అరెస్టులో రక్షణ) మాత్రం మనిషైన ప్రతి ఒక్కరికీ. బాలాపూర్‌లో తలదాచుకుంటున్న రోహింగ్యాలకు (మయన్మార్ నుంచి వచ్చిన శరణార్థులకు) 21 వర్తిస్తుంది, 19 వర్తించదు. ప్రాణం, చట్టబద్ధమైన విధానం పౌరసత్వ కాగితం మీద ఆధారపడవు.

హక్కులు ప్రభుత్వం మీదే అనుకోవడం కూడా సగమే నిజం. అంటరానితనాన్ని రద్దు చేసిన 17, వెట్టిని నిషేధించిన 23 ప్రైవేటు వ్యక్తుల మీదా పనిచేస్తాయి. తెలంగాణ పల్లెల్లో వెట్టిచాకిరి ఎలా ఉండేదో పిల్లల తాతల కాలం ముచ్చటే, కొత్తగా వివరించక్కర్లేదు. కనీస వేతనం కన్నా తక్కువిచ్చి పని చేయించుకోవడం కూడా బలవంతపు చాకిరే అని 1982లో ఏషియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అడ్వాన్సు ఇచ్చి ఇటుక బట్టీలో కట్టిపడేస్తే 1976 నాటి వెట్టిచాకిరి రద్దు చట్టం ప్రకారం ఆ అప్పు రద్దయినట్టే. దరఖాస్తు కలెక్టర్‌కు పెట్టాలి, విడుదల పత్రం చేతికొచ్చేదాకా వదలకూడదు. అది లేకపోతే పునరావాస సాయం దగ్గర ఆగిపోతారు.

నాంపల్లి వకీల్:

ఆ వయసు పిల్లలకు అన్నిటికన్నా పనికొచ్చేది పోలీసుల భాగం. 2024 జులై 1 నుంచి పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) వచ్చింది. పాత సెక్షన్ల నంబర్లు చెప్పి పంపకండి.

ఏడేళ్ల దాకా శిక్షపడే నేరాల్లో అరెస్టు ఆటోమేటిక్ కాదు. అవసరం లేనప్పుడు సెక్షన్ 35(3) కింద రాతపూర్వక నోటీసు ఇచ్చి పిలవాలి. ఆ నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని 2025 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కానీ సరైన నోటీసు అందాక వెళ్లకపోతే అదే అరెస్టుకు కారణమవుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సాక్షిగా పిలిస్తే సెక్షన్ 179 చూడండి: స్త్రీలను, 15 ఏళ్లలోపు మగపిల్లలను, 60 దాటిన మగవాళ్లను, వికలాంగులను, తీవ్రంగా జబ్బుపడినవాళ్లను వాళ్లుండే చోటే విచారించాలి, స్టేషన్‌కు రమ్మనకూడదు.

అరెస్టు చేసే పోలీసుకు పేరు స్పష్టంగా కనిపించాలి. అరెస్టు మెమో రాయాలి, దాని మీద కుటుంబసభ్యుడో స్థానికుడో ఒక సాక్షి సంతకం, అరెస్టయిన మనిషి సంతకం ఉండాలి (సెక్షన్ 36). కారణం చెప్పాలి (47). చెప్పకపోతే అరెస్టే చెల్లదని 2025 ఫిబ్రవరిలో విహాన్ కుమార్ కేసులో తీర్పొచ్చింది. ఇంట్లోవాళ్లకు తెలపాలి (48), విచారణ మధ్యలో వకీలును కలవనివ్వాలి (38), వైద్యపరీక్ష చేయించాలి (53). ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప పొద్దుగూకాక, తెల్లవారకముందు స్త్రీలను అరెస్టు చేయకూడదు. అప్పుడు కూడా మహిళా అధికారి రాతపూర్వక నివేదికతో మేజిస్ట్రేట్ అనుమతి ముందే తీసుకోవాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు నిలబెట్టాలి. ఇది 22వ అధికరణలోనే ఉంది.

తేడా కొట్టేది గడియారం దగ్గర. మఫ్టీలో వచ్చి సాయంత్రం తీసుకెళ్తారు, “ఊరికే మాట్లాడదామని” అంటారు, మెమోలో మాత్రం మర్నాటి టైము పడుతుంది. అందుకే మనిషిని తీసుకెళ్లిన వెంటనే ఇంట్లోవాళ్లు టైము నమోదయ్యేలా ఏదో ఒకటి చేయాలి. 112కు ఫోను చేయాలి, కమిషనర్ కార్యాలయానికి ఈమెయిల్ పెట్టాలి, అందులో ఎక్కడి నుంచి, ఎన్ని గంటలకు, ఏ వాహనంలో అన్నది రాయాలి. స్టేషన్ సీసీటీవీ ఫుటేజీ భద్రపరచమని అదే రోజు రాతపూర్వకంగా అడగాలి. 2020 డిసెంబర్‌లో పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 18 నెలలు, కనీసం ఏడాది నిల్వ ఉంచాలని ఆదేశించింది. ఆలస్యంగా అడిగితే కెమెరా పాడైందనే జవాబొస్తుంది. 24 గంటలు దాటినా జాడ లేకపోతే హైకోర్టులో హెబియస్ కార్పస్ (మనిషిని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేయాలి. అత్యవసరమైతే అదే రోజు విచారించమని లంచ్ మోషన్, సెలవు రోజైతే జడ్జి ఇంటి దగ్గరే విచారించమని హౌస్ మోషన్ అడుగుతారు.

కొట్టి ఉంటే ఆ మాట మేజిస్ట్రేట్ ముందు మొదటిసారే చెప్పాలి. భయపడి “ఏమీ లేదు” అంటే రికార్డులో అదే నిలుస్తుంది, తర్వాత పెట్టే ప్రతి ఫిర్యాదుకూ అదే అడ్డం.

వకీలుకు డబ్బుల్లేవన్న దిగులు అక్కర్లేదు. నిర్బంధంలో ఉన్నవాళ్లకు, స్త్రీలకు, పిల్లలకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా ఇస్తారు. నంబరు 15100, పురానీ హవేలీ సిటీ సివిల్ కోర్టు ఆవరణలో న్యాయ సేవాధికార సంస్థ ఉంది.

రోడ్డు మీద ఆపి ముఖం ఫొటో తీయడం గురించి పిల్లలు కచ్చితంగా అడుగుతారు. 2022 నాటి గుర్తింపు చట్టం శిక్షపడినవాళ్లు, అరెస్టయినవాళ్లు, ముందస్తు నిర్బంధంలో ఉన్నవాళ్లు, మేజిస్ట్రేట్ ఆదేశించినవాళ్ల గురించి. దారినపోయే కుర్రాడి ఫొటోకు అది ఆధారం కాదు. ఫోన్ స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి సాక్షులతో సంతకం పెట్టించాలి, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105 ప్రకారం ఆ పనంతా వీడియో తీయాలి. అక్కడ నిలబడి వాదులాటకు దిగొద్దని మాత్రం పిల్లలకు గట్టిగా చెప్పండి. పేరు, స్టేషన్, టైము గుర్తుపెట్టుకుంటే తర్వాత మాట్లాడే దారి ఉంటుంది.

చార్మినార్ చదువరి:

“నేరస్తులకే” అన్న ప్రశ్నకు మన ఊరి పక్కదే ఉదాహరణ చెప్పండి. 2019 డిసెంబర్ 6న చటాన్‌పల్లి దగ్గర ఒక యువతి అత్యాచారం, హత్య (‘దిశ’) కేసులోని నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు, జనం పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పుర్కర్ కమిషన్ 2022లో ఏం చెప్పింది? చంపాలనే ఉద్దేశంతోనే కాల్చారని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని. ఆ నివేదికను అదే ఏడాది మేలో సుప్రీంకోర్టు తెలంగాణ హైకోర్టుకు పంపింది. ఇందులో పిల్లలు చూడాల్సింది ఒకటుంది. విచారణ జరగలేదు కాబట్టి ఆ ఘోరమైన నేరం ఎవరు చేశారన్నది కోర్టులో ఏనాడూ రుజువు కాలేదు. చనిపోయిన అమ్మాయి కుటుంబానికి కూడా తీర్పు లేదు. నిందితుడి హక్కును దాటేస్తే బాధితురాలి న్యాయం కూడా దాంతోపాటే పోతుంది.

ఎన్‌కౌంటర్ జరిగిన ప్రతిసారీ ఎఫ్ఐఆర్ పెట్టి దర్యాప్తు చేయాలన్న వాదనను హైదరాబాద్ కోర్టుల్లో ఏళ్ల తరబడి వినిపించినవాళ్లు పౌరహక్కుల న్యాయవాదులు కన్నబిరాన్, బాలగోపాల్. వాళ్ల పేర్లు పిల్లలకు పరిచయం చేయండి.

కాగితం పని:

కమిషన్ సంగతి నేను చెప్తాను. తెలంగాణ రాష్ట్ర మానవ హక్కుల కమిషన్ నాంపల్లి ఎంజే రోడ్డులో, గృహకల్ప సముదాయంలో ఉంది. ఫీజు లేదు, వకీలు అవసరం లేదు, తెలుగులోనే రాయొచ్చు. ఢిల్లీలోని జాతీయ కమిషన్‌కైతే హెచ్ఆర్‌సీనెట్ పోర్టల్‌లో పెట్టొచ్చు. రెండు చోట్లా పెట్టకండి, రాష్ట్ర కమిషన్ ముందున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు.

ఫిర్యాదు ఒకటి రెండు పేజీలు దాటకూడదు. బాధితుడి పేరు, చిరునామా, జరిగిన తేదీ, గంట, చోటు, అధికారి పేరు లేదా హోదా, ఏం చేశాడు, ఏం చేయాల్సి ఉండి చేయలేదు, మీకేం కావాలి. ఈ క్రమంలో రాయండి. ఆస్పత్రి చీటీ, ఫొటోలు, అంతకుముందు ఇచ్చిన అర్జీ రశీదు జత చేయండి.

తిరస్కరణకు కారణాలు దాదాపు ఎప్పుడూ అవే. ఏడాది దాటిపోవడం ఒకటి, 1993 మానవ హక్కుల చట్టంలో సెక్షన్ 36 ఆ గడువు పెట్టింది. అదే విషయం కోర్టులో నడుస్తూ ఉండటం, పేరు లేని ఉత్తరం, ఆస్తి తగాదా, ఉద్యోగుల సర్వీసు గొడవ, ఇవన్నీ పక్కన పడతాయి. ఇంకొకటి చాలామందికి తెలియదు: ముఖ్యమంత్రికి రాసి “ప్రతి: మానవ హక్కుల కమిషన్‌కు” అని కింద పెడితే దాన్ని ఫిర్యాదుగా తీసుకోరు. నేరుగా కమిషన్‌నే సంబోధించి రాయాలి.

ప్రైవేటు యజమాని మీద కమిషన్‌కు వెళ్తే సాధారణంగా పని జరగదు. ప్రభుత్వ ఉద్యోగి హక్కును ఉల్లంఘించాడనో, ఉల్లంఘన జరుగుతుంటే ఆపలేదనో చూపించాలి. జీతం ఎగ్గొడితే ముందు లేబర్ ఆఫీసులో అర్జీ పెట్టి రశీదు తీసుకోండి. అక్కడి అధికారి కదలకపోతే అప్పుడది కమిషన్ పరిధిలోకి వస్తుంది.

కమిషన్‌కు సమన్లిచ్చి పిలిపించడానికి, రికార్డులు తెప్పించడానికి సివిల్ కోర్టు అధికారాలున్నాయి. చివరికిచ్చేది మాత్రం సిఫార్సు: పరిహారం, శాఖాపరమైన చర్య, ప్రాసిక్యూషన్. ప్రభుత్వం నెలలోపు జవాబివ్వాలి. పక్కన పెట్టేస్తే ఆ సిఫార్సునే పట్టుకుని హైకోర్టులో రిట్ వేయొచ్చు.

మ్యాన్‌హోల్‌లో దిగి కార్మికుడు చనిపోతే “కాంట్రాక్టర్ మనిషి, మాకు సంబంధం లేదు” అన్న మాటకు లొంగొద్దు. 2023 అక్టోబర్ 20 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారం కుటుంబానికి 30 లక్షలు, శాశ్వత వైకల్యానికి కనీసం 20 లక్షలు. అంతకుముందు ఉన్నది 10 లక్షలు, ఇప్పటికీ ఆ పాత లెక్కే చెప్పి సంతకాలు తీసుకోజూస్తారు.

మూసీగట్టు:

చాలా ఉపయోగపడింది, అందరికీ కృతజ్ఞతలు. ఇంకొక్కటి. చెరువుల పక్క ఇళ్లు కూల్చేటప్పుడు 15 రోజుల నోటీసు హక్కు ఉందని పిల్లలు అంటున్నారు. నిజమేనా సార్?

నాంపల్లి వకీల్:

సగం నిజం. 2024 నవంబర్ 13న సుప్రీంకోర్టు 15 రోజుల ముందస్తు నోటీసు రిజిస్టర్డ్ పోస్టులో పంపాలని, కట్టడం మీద అతికించాలని చెప్పింది. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైల్వే పట్టాల పక్కన, నదులు, చెరువుల్లో ఉన్న అనధికార కట్టడాలకు, కోర్టే కూల్చమన్న వాటికి ఆ ఆదేశాలు వర్తించవని కూడా అదే తీర్పులో ఉంది. హైడ్రా (చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ) వచ్చిన చోట ఎక్కువ గొడవ ఈ మినహాయింపు మీదే.

అందుకని వాదన వేరే చోట మొదలుపెట్టాలి: ఆ ఇల్లు నిజంగా ఎఫ్‌టీఎల్‌లో (చెరువు నిండినప్పటి నీటి హద్దులో) ఉందా, దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లో ఉందా, హద్దు ఎప్పుడు నోటిఫై అయింది, సర్వే ఎవరి సమక్షంలో జరిగింది. ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే ఉంటే అభ్యంతరం చెప్పే అవకాశం ఇంకా మిగిలి ఉంటుంది. నోటీసు అతికించిన రోజే తేదీ కనిపించేలా ఫొటో తీయాలి, జవాబు రాసి ముద్ర వేయించిన నకలు దాచుకోవాలి, లేఅవుట్ అనుమతి, ఇంటి పన్ను రశీదులు, రిజిస్ట్రేషన్ పత్రాలు ఒకే ఫైల్లో పెట్టుకోవాలి. జేసీబీ వచ్చాక వకీలును వెతుక్కుంటే హౌస్ మోషన్‌కు కావాల్సిన కాగితాలు తయారయ్యేలోపే గోడలు పోతాయి.