నీట్ పీజీ స్కోరును బట్టి పీజీ విద్యార్థి రాణింపును ముందే చెప్పగలమా?

ప్రశ్న:
నేను ఒక ప్రభుత్వ వైద్య కళాశాలలో జనరల్ మెడిసిన్ బోధిస్తున్నాను. మా పీజీల నీట్ పీజీ (పీజీ వైద్య సీట్లకు జాతీయ ప్రవేశ పరీక్ష) స్కోర్లను, మూడేళ్ల తర్వాత ఎండీ పరీక్షలో వారికి వచ్చిన మార్కులను పక్కపక్కన పెట్టి చూస్తే, వాటి మధ్య చెప్పుకోదగిన సంబంధం కనిపించలేదు. 800 మార్కుల ఒకే పరీక్ష సీటును నిర్ణయిస్తున్నప్పుడు, ఆ పరీక్షకు అర్థం లేదనుకోవాలా? ఇంటర్వ్యూ కూడా ఉండాలా?

జవాబు 1:
మేడం, అంత త్వరగా ఆ నిర్ధారణకు రావద్దని నా మనవి. మీ పట్టికలో సీటు వచ్చినవారే ఉన్నారు, రానివారు లేరు. జనరల్ మెడిసిన్‌కు పోటీ ఎక్కువ కాబట్టి మీ దగ్గరకు వచ్చేవారి స్కోర్లు చాలావరకు ఇరుకైన పరిధిలోనే ఉంటాయి. అలాంటి చోట నిజంగా ఉన్న సంబంధం కూడా బలహీనంగానే తేలుతుంది. పైగా ఒక విభాగంలోని కొద్దిమందితో వేసిన లెక్క ఏటికేడాది మారిపోతుంది. మీ విశ్వవిద్యాలయం ద్వారా పలు కళాశాలల జనరల్ మెడిసిన్ వివరాలను కలిపి చూస్తే తప్ప ఏమీ తేల్చలేము.

జవాబు 2:
2023లో కేంద్రం నీట్ పీజీ అర్హతను అన్ని వర్గాలకూ సున్నా పర్సంటైల్‌కు, అంటే పరీక్ష రాసినవారంతా అర్హులయ్యేలా, తగ్గించింది కదా, ఆ బ్యాచ్‌లో స్కోర్ల పరిధి విశాలంగా ఉంటుందని కొందరు ఆశపడుతున్నారు. అయితే ఖాళీగా మిగిలే సీట్లు ఎక్కువగా అనాటమీ, బయోకెమిస్ట్రీ వంటి నాన్‌క్లినికల్ (రోగులకు నేరుగా చికిత్స చేయని) విభాగాలవి; తక్కువ స్కోరువారు ఎక్కువగా చేరేది వాటిలోనే. కాబట్టి అన్ని విభాగాలనూ కలిపి పోల్చితే స్కోరు ప్రభావమేదో, విభాగం ప్రభావమేదో విడదీయలేము.

జవాబు 3:
నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మరొకటి: మనం దేన్ని రాణింపు అంటున్నాం? రోగి చెప్పేది ఓపికగా వినడం, అర్ధరాత్రి క్యాజువాలిటీలో సరైన నిర్ణయం తీసుకోవడం ఎండీ మార్కుల్లో పూర్తిగా కనబడవు. పీజీలు జిల్లా రెసిడెన్సీ కింద మూడు నెలలు జిల్లా ఆసుపత్రుల్లో పనిచేస్తారు. వారి స్కోరు తెలియని అక్కడి వైద్యులు ఒకే నమూనా పత్రంలో ఇచ్చే అంచనా, మన పరీక్షకన్నా మంచి కొలమానం కాగలదు.

ఇంటర్వ్యూ విషయంలో మాత్రం నాకు భయం ఉంది. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం ఎంబీబీఎస్ స్థాయి ప్రవేశాల కోసం రూపొందించిన పద్ధతిలో అభ్యర్థి వరుసగా పలు చిన్న గదులకు వెళతాడు, గదికో పరీక్షకుడు విడిగా మార్కులు వేస్తాడు. ఒకరి ఇష్టాయిష్టాలు ఫలితాన్ని శాసించకుండా ఆ ఏర్పాటు. అంత కట్టుదిట్టం లేకుండా ఇక్కడ మౌఖిక పరీక్ష పెడితే సిఫారసులకు, కులం చూసే కళ్లకు తలుపు తెరిచినట్లే అవుతుంది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. జిల్లా రెసిడెన్సీ అంచనా పత్రాలను సేకరించేందుకు మా ఎథిక్స్ కమిటీ అనుమతి కోరుతున్నాను. ఇతర కళాశాలల మెడిసిన్ విభాగాల వారు ఎవరైనా కలిసి వస్తారా?