అమ్మోనియా 0.25 చూపిస్తోంది: నీళ్ళు మార్చాలా, ఆగాలా?

కొత్త_పగడం (హైదరాబాద్): అన్నలూ, 200 లీటర్ల రీఫ్ ట్యాంక్ (పగడాలు, చేపలు పెంచే ఉప్పునీళ్ళ ట్యాంక్), ఏడు నెలలైంది. పొద్దున లేచేసరికి రెండు క్లౌన్ చేపలూ పైకొచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. కిట్‌తో అమ్మోనియా టెస్ట్ చేస్తే లేత ఆకుపచ్చ వచ్చింది, 0.25 పీపీఎం అనుకుంటా. చాలా టెన్షన్‌గా ఉంది.

వైజాగ్_రీఫ్: వెంటనే సగం నీళ్ళు మార్చండి. మన ఉప్పునీళ్ళ పీహెచ్ 8.2 దగ్గర ఉంటుంది. పీహెచ్ 7 ఉన్న మంచినీళ్ళతో పోలిస్తే అమ్మోనియాలో విషం వంతు పదిరెట్లు ఎక్కువ.

కిట్_డాక్టర్: ఎక్కువే, కానీ 0.25లో ఆ వంతు 0.02 దగ్గరే ఉంటుంది. అసలు ఆ రంగు ఏ లైట్ కింద చూశారు? నీలం ఎల్‌ఈడీ కింద ఏ కిట్టయినా మోసం చేస్తుంది. కిటికీ దగ్గర తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. అప్పుడే కలిపిన ఉప్పునీళ్ళు కూడా టెస్ట్ చేయండి.

వైజాగ్_రీఫ్: చేపలు ఊపిరాడక కొట్టుకుంటుంటే కాగితం పట్టుకుని కిటికీ దగ్గర నిలబడాలా?

రొయ్య_బ్రో: అమ్మోనియాకి మందు వస్తుందిగా, పోసేయండి.

కిట్_డాక్టర్: పోస్తే కొన్ని కిట్లు ఇంకా తప్పు చూపిస్తాయి. ఏడు నెలల ట్యాంకులో రాళ్ళనిండా బ్యాక్టీరియా ఉంటుంది, ఏదో చచ్చి కుళ్ళితే తప్ప అమ్మోనియా నిలవదు. నత్తలు లెక్కపెట్టారా?

కొత్త_పగడం: ఆరు ఉండాలి. ఐదే కనిపిస్తున్నాయి.

వైజాగ్_రీఫ్: చూశారా!

కిట్_డాక్టర్: ఇసుకలో దూరి ఉంటుంది. ఒక్క నత్త కోసం వంద లీటర్లు మారుస్తారా?

వైజాగ్_రీఫ్: రెండేళ్ళ కింద నాకూ ఇదే మాట చెప్పారు, కిట్ తప్పు అని. రెండు రోజులు ఆగాను. నా ఎల్లో టాంగ్ చేప పోయింది. చెప్పింది మీరే, గుర్తుందా?

కిట్_డాక్టర్: మళ్ళీ టెస్ట్ చేయమన్నాను, చేతులు కట్టుకుని కూర్చోమనలేదు. మీలాంటి వాళ్ళ మాట విని రాత్రికి రాత్రి సగం నీళ్ళు మార్చాను. ఉప్పు సాంద్రత చూసుకోలేదు. మూడేళ్ళు పెంచిన ఆక్రోపోరా పగడాలు వారంలో తెల్ల ఎముకలయ్యాయి. ఆ నష్టం ఎవరికీ లెక్కలోకి రాదు.

వైజాగ్_రీఫ్: అదీ సంగతి. మీకు పగడాలు బతకాలి, చేప పోతే ఇంకోటి కొనుక్కోవచ్చు. నాకు అలా కాదు.

అమీర్‌పేట్_ఆక్వా: మీ ట్యాంకుల గొడవ తర్వాత పడండి. తమ్ముడూ, రాత్రి కరెంట్ పోయిందా?

కొత్త_పగడం: పోయింది అన్నా, ఒంటిగంట నుంచి నాలుగు దాకా. ఫ్యాన్ ఇన్వర్టర్ మీదుంది, ట్యాంకులో నీళ్ళు కదిపే వేవ్‌మేకర్ లేదు. కిటికీ దగ్గర కూడా చూశాను. కొత్తగా కలిపిన నీళ్ళకీ అదే రంగు.

కిట్_డాక్టర్: ఆక్సిజన్ తగ్గింది, అంతే. కిట్ తప్పని మొదటే చెప్పా.

వైజాగ్_రీఫ్: లేదా ఆ ఉప్పులోనే అమ్మోనియా ఉంది. ఏ ఉప్పు వాడుతున్నారు?

కొత్త_పగడం: ఎయిర్ పంప్ పెట్టాను. ఒక క్లౌన్ కిందికి దిగింది. ఆరో నత్త కోసం రాళ్ళు ఎత్తి చూస్తున్నా.