జనవరిలో కొత్త ప్రాసెసర్లు వస్తున్నాయట, లాప్‌టాప్ ఇప్పుడే కొనాలా, ఆగాలా?

గాజువాక నుంచి ప్రశ్న, డిసెంబర్ 2025

అందరికీ నమస్కారం. నేను గాజువాకలో చిన్న అకౌంట్స్ ఆఫీసు నడుపుతున్నాను. ట్యాలీ, ఎక్సెల్, జీఎస్టీ పోర్టల్, డిజిటల్ సంతకం టోకెన్ (పెన్‌డ్రైవ్ లాంటిది), అప్పుడప్పుడు వీడియో కాల్స్. నా పనంతా ఇంతే. లాప్‌టాప్ 2017లో కొన్నది: ఐ5-7200యూ, 8 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్, విండోస్ 10. పొద్దున్నే ఆన్ చేసి టీ పెట్టుకుని వచ్చినా ట్యాలీ ఇంకా తెరుచుకోదు.

ద్వారకానగర్‌లో షాపుకి వెళ్తే "ఇప్పుడే తీసుకోండి మేడమ్, రేట్లు పెరిగిపోతున్నాయి" అన్నారు. మా చెల్లి కొడుకేమో "పెద్దమ్మా, జనవరిలో ఇంటెల్ కొత్త చిప్ వస్తోంది, ఇప్పుడు కొంటే పాతది కొన్నట్టే" అంటున్నాడు. బడ్జెట్ 60, 65 వేలు. ఎవరి మాట వినాలి?

సీతమ్మధార నుంచి

ఆగండి మేడమ్. జనవరిలో వచ్చే ఆ ఇంటెల్ చిప్ పేరు పాంథర్ లేక్. అది మామూలు మార్పు కాదు, ఇంటెల్ తన కొత్త 18ఏ పద్ధతిలో తయారుచేస్తున్న మొదటి లాప్‌టాప్ చిప్. ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు, ఇంకో నెల ఆగితే పోయేదేముంది?

మధురవాడ నుంచి (ఆఫీసు కంప్యూటర్ల సపోర్ట్ నా పని)

అబ్బాయి చెప్పింది తప్పు కాదు మేడమ్, కానీ మీ బడ్జెట్‌కి సంబంధించింది కాదు. పాంథర్ లేక్ వివరాలు ఇంటెల్ అక్టోబర్‌లోనే బయటపెట్టింది. జనవరి మొదట్లో లాస్ వెగాస్‌లో సీఈఎస్ అనే ఎలక్ట్రానిక్స్ ప్రదర్శన ఉంది, లాప్‌టాప్‌లు ఆ నెలలోనే మొదలవుతాయి. అయితే కొత్త తరం ఎప్పుడూ ముందు ఖరీదైన సన్నటి మోడళ్లలోకే వస్తుంది. 60 వేల ధరకి దిగేసరికి నెలలు గడుస్తాయి. అప్పటికి మళ్లీ ఇంకేదో వస్తోందంటారు. ఆ లెక్కన ఎవరూ ఎప్పుడూ ఏదీ కొనలేరు.

నేను కూడా మామూలుగా అయితే ఆగమనేవాణ్ణే. కొత్తది రాగానే పాత స్టాక్ వదిలించుకోవడానికి షాపుల వాళ్లు రేటు తగ్గిస్తారు కదా, ఆ లాభం కోసం. ఈసారి ఆ లెక్క పనిచేయడం లేదు, కారణం మెమరీ. ఏఐ డేటా సెంటర్ల కోసం మెమరీ చిప్‌లు మూకుమ్మడిగా అటు తరలిపోతున్నాయి, ర్యామ్ ధరలు కొన్ని నెలలుగా ఎగబాకుతున్నాయి. మామూలు జనం కొనే క్రూషియల్ బ్రాండ్ ర్యామ్, ఎస్‌ఎస్‌డీల (హార్డ్ డిస్క్ బదులు వాడే వేగమైన డిస్క్‌ల) వ్యాపారం మానేస్తున్నట్టు మెమరీ చిప్‌లు చేసే మైక్రాన్ కంపెనీ ఈ నెలలోనే ప్రకటించింది. కాబట్టి రేట్లు పెరుగుతాయన్న షాపు మాట అమ్మకం కోసం చెప్పిందే అయినా, అబద్ధం మాత్రం కాదు. (మన విశాఖలో గూగుల్ 15 బిలియన్ డాలర్ల ఏఐ హబ్ అని అక్టోబర్ 14న సంబరపడ్డాం. సరిగ్గా అదే రోజు మీ విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయింది!)

ఇక మీ పాత లాప్‌టాప్ సంగతి. రేపు పొద్దున్న ఆన్ చేయగానే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసగా ఉంటాయి. డిస్క్ దగ్గర 100 శాతం అని ఎర్రగా నిలబడిపోయి, సీపీయూ 20, 30 దగ్గర ఊగుతూ ఉంటే ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని హార్డ్ డిస్క్ కోసం ఎదురుచూస్తోందని అర్థం. మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అదే అనుకుంటున్నాను. ఎస్‌ఎస్‌డీ వేయిస్తే ఇదే మెషీన్‌లో ట్యాలీ చకచకా తెరుచుకుంటుంది.

అయినా దాన్ని ఎక్కువకాలం లాగలేరు. విండోస్ 11కి ఇంటెల్‌లో కనీసం 8వ తరం కావాలి, మీది 7వది. ఒక్క తరం తేడాలో పోయింది. అదనపు సెక్యూరిటీ అప్‌డేట్ల పథకంలో నమోదు చేసుకుంటే 2026 అక్టోబర్ 13 దాకా విండోస్ 10 నడుపుకోవచ్చు. సెట్టింగ్స్‌లో అప్‌డేట్ పేజీలోనే ఆ లింక్ ఉంటుంది. క్లయింట్ల పాన్‌లు, బ్యాంకు వివరాలు ఉన్న మెషీన్ కాబట్టి ఏది కొన్నా కొనకపోయినా ఇది మాత్రం ఈ రోజే చేయండి.

గాజువాక

టాస్క్ మేనేజర్ చూశానండి, డిస్క్ 100 దగ్గరే ఉంది! మరి కొత్తది కొంటే ఏం చూడాలి? షాపులో "రైజెన్ 7000 సిరీస్" అని ఒకటి బాగా చవగ్గా చూపించారు. అన్నట్టు, పన్ను లెక్కలో తొందరేం లేదు. కంప్యూటర్ మీద తరుగుదల 40 శాతం, కానీ ఏడాదిలో 180 రోజుల కంటే తక్కువ వాడితే అందులో సగమే. డిసెంబర్‌లో కొన్నా ఫిబ్రవరిలో కొన్నా ఈ ఏడు నాకు 20 శాతమే.

మధురవాడ

ఆ తరుగుదల సంగతి నాకు తెలీదు, థాంక్స్ మేడమ్.

ఆ రైజెన్ (ఏఎండీ కంపెనీ ప్రాసెసర్) దగ్గరే జాగ్రత్త. టచ్‌ప్యాడ్ పక్కన స్టిక్కర్ మీద ఉండేది సిరీస్ పేరే, పూర్తి నంబర్ ఉండదు. సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో అబౌట్ తెరిచి చూపించమనండి. 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి. 7520యూ అయితే మూడో అంకె 2, అంటే జెన్ 2 (జెన్ అనేది లోపలి డిజైన్ పేరు, పక్క అంకె పెరిగేకొద్దీ కొత్తది), అది 2019 నాటి డిజైన్. 7530యూ జెన్ 3. 7535హెచ్‌ఎస్ జెన్ 3 ప్లస్. 7540యూ జెన్ 4. నాలుగూ 7000 సిరీసే, నాలుగూ రైజెన్ 5లే. మీకు చవగ్గా చూపించింది 7520యూ అయితే వద్దనండి. అందులో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, తర్వాత పెంచుకోలేరు.

ఇంటెల్‌లోనూ ఇదే గొడవ. పేరులో "అల్ట్రా" అన్న మాట లేకుండా కోర్ 5 120యూ, కోర్ 5 210హెచ్ అని కొత్త పేర్లతో వచ్చేవి లోపల 13వ తరం వంశమే. అవి చెడ్డవి కావు, మీ పనికి బాగా సరిపోతాయి. కొత్తదని ఎక్కువ డబ్బు మాత్రం పెట్టకండి.

మీ మెషీన్‌లో ఉన్నవి 2 కోర్లు. ఐ5-13420హెచ్‌లో 8. ఇదో, 7535హెచ్‌ఎస్‌దో, 16 జీబీ ర్యామ్‌తో, 512 జీబీ ఎస్‌ఎస్‌డీతో దొరికితే మీకు ఐదారేళ్లు దిగుల్లేదు. ఖాళీ ర్యామ్ స్లాట్ ఉందో లేదో అడగండి. ఏఐ పీసీ అన్న స్టిక్కర్‌కి అదనంగా ఇవ్వకండి, ట్యాలీకి దాంతో పని లేదు.

ఇక ఎప్పుడంటే, పాంథర్ లేక్ కోసం ఆగొద్దు, అలాగని రేపే పరిగెత్తొద్దు. వార్షిక రిటర్ను జీఎస్టీఆర్-9కి డిసెంబర్ 31 గడువు కదా. ఆ హడావుడిలో మెషీన్ మారిస్తే ట్యాలీ లైసెన్స్, బ్యాకప్, టోకెన్ అన్నీ ఒకేసారి మీద పడతాయి. రిటర్నులు వేసేశాక, జనవరి మొదటి వారంలోనే కొనేయండి.

ఎంవీపీ కాలనీ నుంచి

స్నాప్‌డ్రాగన్ ఎక్స్ లాప్‌టాప్ కూడా చూడండి అక్కా. నేను వాడుతున్నా, బ్యాటరీ రోజంతా వస్తుంది.

మధురవాడ

మీ పనికి బాగుండొచ్చు తమ్ముడూ, మేడమ్‌కి వద్దు. అది ఏఆర్‌ఎం చిప్, ఇంటెల్, ఏఎండీల కంటే వేరే రకం. మామూలు ప్రోగ్రాములు అనువాదంతో నడిచిపోతాయి గానీ డ్రైవర్లు (ప్రింటర్ లాంటి పరికరాలను నడిపించే సాఫ్ట్‌వేర్) అలా నడవవు, ఏఆర్‌ఎం కోసం ప్రత్యేకంగా రాసినవి ఉండాలి. సంతకం టోకెన్, పాత ప్రింటర్ అక్కడే మొండికేస్తాయి.

సీతమ్మధార

బడ్జెట్ సరిగ్గా చూడలేదు మేడమ్. 60 వేలంటే మధురవాడ ఆయన చెప్పిందే సబబు. లక్ష పెట్టగలిగే వాళ్లకు మాత్రం నా మాట ఇప్పటికీ ఆగమనే.

గాజువాక

సరే, జనవరి మొదటి వారం ఖాయం. సంతకం టోకెన్ షాపుకి తీసుకెళ్లి పెట్టి చూడొచ్చా?

మధురవాడ

తప్పకుండా తీసుకెళ్లండి. మీ టోకెన్‌ది పాత పెద్ద యూఎస్‌బీ మూతి. కొన్ని సన్నటి మోడళ్లలో టైప్-సీ తప్ప వేరే పోర్టు ఉండదు, ముందు అది చూడండి. అయితే షాపు డెమో మెషీన్‌లో పిన్ కొట్టకండి. బిల్లు మీ జీఎస్టీ నంబర్‌తో చేయించుకుని, ఇంటికి తెచ్చాక డ్రైవర్ వేసుకుని సంతకం పెట్టి చూడండి. పాత లాప్‌టాప్‌ని మాత్రం జనవరి 20న జీఎస్టీఆర్-3బీ (నెలవారీ రిటర్ను) వేసేదాకా అలాగే ఉంచండి.